పారీస్ కార్నర్‌లో ఎల్‌కేజీ పిల్లాడి షాపింగ్: ఒక టైలర్ రివ్యూ

ఎల్‌కేజీలో చేరే పిల్లాడికి కానుక కొనాలంటే చెన్నైలో మాల్‌కు వెళ్లనక్కర్లేదు. హోల్‌సేల్ కొట్ల వీధులుండే పారీస్ కార్నర్ చాలు. అయితే అక్కడ ఏది కొనాలో, ఏది ముట్టుకోకూడదో తెలిసి వెళ్లాలి. లేకపోతే రంగులు చూసి పడిపోయి, రెండు చేతులా సంచులు మోసుకొస్తారు, వాటిలో పిల్లాడికి పనికొచ్చేది ఒక్కటీ ఉండదు. ఈ మే నెలలో మా మేనల్లుడి కోసం ఆ వీధులన్నీ తిరిగాను. నాకు కోడంబాకంలో చిన్న టైలరింగ్ షాపు ఉంది. బ్లౌజులు, స్కూలు యూనిఫాంలు కుడతాను. అందుకని ఈ రివ్యూలో కుట్లూ జిప్పుల గోల కాస్త ఎక్కువే ఉంటుంది. ఓపిక పట్టండి.

నా రూలు ఒక్కటే. వస్తువు ఏదైనా సరే, నాలుగేళ్ల పిల్లాడు ఎవరినీ అడక్కుండా తన చేత్తో తానే తెరిచి మూసుకోగలగాలి. ముద్దుగా ఉందా, బ్రాండెడా, క్లాసులో ఇంకెవరికీ లేనిదా అన్నవన్నీ తర్వాతి మాట. ఇది నాకు షాపు నేర్పింది. ఏటా స్కూళ్లు తెరిచిన వారం పది రోజులకి నా దగ్గరికి వచ్చే పని ఏమిటో తెలుసా? నిక్కర్లకు హుక్కూ గుండీ పీకేసి నడుముకి ఎలాస్టిక్ వేయడం. తల్లులు మొహమాటపడుతూ చెప్తారు, "బాత్రూంలో విప్పుకోలేక తడిపేసుకుంటున్నాడండీ" అని. ఇంట్లో నలుగురు చేసిపెట్టే పని అక్కడ వాడొక్కడే చేసుకోవాలి. ఆయా ఉంటుంది, కాదనను. కానీ ఎంతమందికని విప్పుతుంది, ఎంతమందికని తొడుగుతుంది? డబ్బా మూత రాక అన్నం అలాగే వెనక్కి తెచ్చిన పిల్లల కథలు నా కటింగ్ టేబుల్ దగ్గర బోలెడు విన్నాను.

ముందు దారి చెప్తాను. కోడంబాకంలో లోకల్ ఎక్కి బీచ్ స్టేషన్లో దిగితే పారీస్‌కి నడిచిపోవచ్చు. మెట్రోలో వచ్చేవాళ్లకి హైకోర్టు, మన్నడి స్టేషన్లు రెండూ దగ్గరే. కారు మాత్రం తేవద్దు, పార్కింగ్ వెతకడానికే పూట గడిచిపోతుంది. ఆదివారం హోల్‌సేల్ షాపులు చాలామటుకు మూసే ఉంటాయి. మామూలు రోజున, ఎండ ముదరకముందే వెళ్లండి. మే ఆఖరి వారంలో అయితే ఊరంతా అక్కడే ఉంటుంది, షాపువాళ్లకి మన మొహం చూసే తీరిక కూడా ఉండదు. ఏప్రిల్లోనే వెళ్తే బేరం బాగా కుదురుతుంది.

భాష ఇబ్బంది ఏమీ లేదు. పారీస్ ఉండే జార్జిటౌన్లోనే కన్యకా పరమేశ్వరి గుడి ఉంది, ఆ చుట్టుపక్కల తరాల నుంచి వ్యాపారం చేసుకుంటున్న తెలుగువాళ్లున్నారు. బేరం తమిళంలో మొదలుపెట్టి, మన యాస పట్టుకోగానే "మీరు తెలుగా? ముందే చెప్పకూడదా అమ్మా" అంటారు. అలాగని రేటు తగ్గిస్తారనుకోకండి. తగ్గించేది మన పట్టుదలని బట్టే.

ఇక బ్యాగుల సంగతి. కాశీచెట్టి వీధిలో అడుగుపెడితే రెండు పక్కలా బ్యాగులే వేలాడుతుంటాయి. ఈసారి ఎక్కువగా కనిపించినవి ముందు భాగం ఉబ్బెత్తుగా, కార్టూన్ మొహం బయటికి పొడుచుకొచ్చినట్టుండే రకం. పిల్లలు చూస్తే వదలరు. ఒకటి తీసుకుని లోపలి వైపు తిప్పాను. ఆ మొహాన్ని అంచు వెంబడి పైపైన ఒక కుట్టు వేసి, మిగతాదంతా గమ్ముతో అంటించారు. మన ఊరి ఎండకి స్కూలు వ్యానులో నాలుగు రోజులు పడుంటే ఆ గమ్ము వదిలేస్తుంది. భుజం పట్టీ మొదట్లో గుడ్డ అంచు పచ్చిగానే ఉంది, అంచుని కప్పి కుట్టే పైపింగ్ లేదు, దారాలు అప్పుడే ఊడుతున్నాయి. పట్టీ పట్టుకుని ఒక్కసారి గుంజితే కుట్ల మధ్య నుంచి వెలుతురు కనిపించింది. ఒకే వరస కుట్టు, అదీ ఎడంగా వేసిన పెద్ద పెద్ద కుట్లు. అలాంటి పట్టీ దీపావళి దాకా కూడా రాదు.

జిప్పు ఇంకా అన్యాయం. జిప్పులకు నంబర్లుంటాయి. 5వ నంబరు అంటే మూసినప్పుడు పళ్ల వరస వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు, 8వ నంబరు అంటే సుమారు 8. పర్సులకీ పౌచులకీ 3వ నంబరు సరిపోతుంది. స్కూలు బ్యాగుకి ఆ 3వ నంబరు జిప్పు వేసి అమ్ముతున్నారు. నేను రన్నర్, అంటే జిప్పు మీద జారే ముక్క, పట్టుకుని అటూ ఇటూ లాగేసరికి ఒక పక్క పళ్లు వదిలేసి చేతిలోకి ఊడొచ్చింది.

"పిల్లలు అంత గట్టిగా లాగరక్కా" అన్నాడు షాపు కుర్రాడు.

"పిల్లలు లాగకపోతే ఇంకెవరు లాగుతారు తమ్ముడూ?" అన్నాను.

నవ్వేసి ఇంకోటి తీశాడు. అది వాటర్‌ప్రూఫ్ అట. నా బాటిల్లో నీళ్లు దాని మీద పోసి చూస్తానంటే మాత్రం చటుక్కున వెనక్కి తీసేసుకున్నాడు. ఆ షాపు పేరు చెప్పను. అలాంటివి ఆ వీధిలో అదొక్కటే కాదు.

అదే వీధిలో కాస్త లోపలికి వెళ్తే ఒక పెద్దాయన కొట్టు. గుమ్మానికి వేలాడేవి తక్కువ, లోపల అట్టపెట్టెల్లో ఎక్కువ. "బొమ్మ ఉండేది కావాలా, మన్నేది కావాలా అమ్మా?" అని అడిగాడు తెలుగులోనే. ఆ ఒక్క ప్రశ్నకే సగం బేరం కుదిరిపోయింది. ఆయన తీసిన బ్యాగు ముదురు నీలం, ముందు చిన్న జేబు, వెనక ఒకటే పెద్ద అర. పట్టీ కింద కొస దగ్గర చతురస్రం కుట్టి, దాని మధ్యలో మూల నుంచి మూలకి ఇంటూ గుర్తులా కుట్టు వేశారు. బరువు మోసే చోట వేయాల్సిన కుట్టు అదే. పైన చేతిపట్టీ దగ్గర కూడా దగ్గర దగ్గరగా వేసిన గట్టి కుట్టు పడింది. జిప్పు 8వ నంబరు, రన్నర్లు రెండు. లోపల లైనింగ్ విడిగా వేలాడకుండా అంచుల్లో కలిపి కుట్టి, పైన టేపు వేశారు. ఈ లైనింగ్ విషయం ఎవరూ చూడరు. వదులుగా ఉంటే జిప్పు మూసేటప్పుడు ఆ గుడ్డ పళ్ల మధ్య ఇరుక్కుంటుంది. పెద్దవాళ్లమే విసుక్కుంటాం, పిల్లాడేం చేస్తాడు? ఏడుస్తాడు.

550 చెప్పాడు, 420కి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి రన్నర్లకు వేలెడు పొడవు రిబ్బను ఉంగరాల్లా కట్టాను. ఆ చిన్న ఇనుప నాలిక పిల్లల వేళ్లకి అందదు. రిబ్బనైతే వేలు దూర్చి లాగేస్తాడు. ఒకటి ఎరుపు, ఒకటి పసుపు కట్టాను, "ఎరుపు పట్టుకుని ఇటు, పసుపు పట్టుకుని అటు" అని చెప్పడానికి వీలుగా. మీరు ఏ బ్యాగు కొన్నా ఈ రిబ్బను మాత్రం కట్టండి, పైసా ఖర్చు లేదు.

బరువు గురించి ఒక మాట. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో ప్రీప్రైమరీ పిల్లలకి అసలు బ్యాగే వద్దని ఉంది. ఒకటి, రెండు తరగతులకు 1.6 నుంచి 2.2 కిలోల దాకా, అంటే ఒంటి బరువులో పదో వంతు. అయినా స్కూలువాళ్లిచ్చిన చీటీలో మొదటి వరస "బ్యాగు" అనే ఉంది, ఏం చేస్తాం. మా వాడు పదిహేను కిలోలు ఉంటాడు. పదో వంతు అంటే కిలోన్నర. అరలీటరు నీళ్లే అర కిలో. సీసా బరువు, డబ్బా బరువు, అందులో అన్నం బరువు వేసుకుంటే ఖాళీ బ్యాగు అర కిలో దాటకూడదు. ఆ ఉబ్బెత్తు మొహాల బ్యాగులు చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతుంది. చక్రాల బ్యాగులైతే మరీను. వ్యాను మెట్టెక్కేటప్పుడు దాన్ని ఎత్తాల్సింది వాడే కదా.

తర్వాత టిఫిన్ డబ్బా. పిల్లాడి తల్లి, మా మరదలు, ఫోన్లోనే చెప్పింది, "వదినా, ప్లాస్టిక్ మాత్రం తేకండి, స్కూల్లో వద్దన్నారు" అని. మంచిదే. పక్కనే ఉన్న సౌకార్‌పేట సందుల్లో స్టీలు సామాన్ల కొట్లకి వెళ్లాను. ఇక్కడ ఎవర్‌సిల్వర్ అని అడిగితేనే తొందరగా అర్థమవుతుంది. ఇక్కడ కూడా నాది అదే పరీక్ష. మూతని ఎడమచేతి రెండు వేళ్లతో తీయాలి. నా ఎడమచేతి రెండు వేళ్ల బలం వాడి రెండు చేతుల బలానికి ఇంచుమించు సమానమని నా లెక్క. నాలుగు పక్కలా క్లిప్పులుండే డబ్బా చూడ్డానికి గట్టిగా ఉంటుంది, కానీ క్లిప్పు ఎత్తడానికి నాకే గోరు విరిగేంత పనైంది. గుండ్రంగా మర తిప్పే డబ్బాలో మూత వంకరగా పడిందంటే ఇక రాదు. పాత రకం, మూత నొక్కి పెట్టే డబ్బా అందరికీ ఇష్టం. దానితో ఒక చిక్కుంది. పొద్దున్నే వేడి వేడి ఇడ్లీ పెట్టి మూత బిగిస్తాం, లోపలి ఆవిరి చల్లారి మూతని లోపలికి గుంజేసుకుంటుంది, పదకొండింటికి పిల్లాడు తీయబోతే రాదు. కాస్త చల్లారాక మూత పెట్టమని మా మరదలికి చెప్పాను. "పొద్దున ఏడింటికి చల్లారబెట్టే టైం ఎక్కడుంది వదినా" అంది. నిజమే.

చివరికి రెండే క్లిప్పులుండి, మూతకి మెత్తటి రబ్బరు పట్టీ ఉన్న పలకలాంటి డబ్బా దొరికింది. క్లిప్పు కింద వేలు దూరే సందుంది. లోపల ఒక అడ్డు. ఇడ్లీ ఒక పక్క, ద్రాక్షపళ్లు ఒక పక్క. ద్రాక్షపళ్లు పెట్టేవాళ్లు వాటిని నిలువునా కోసి పెట్టండి, నాలుగేళ్ల పిల్లల గొంతుకి గుండ్రటి పండు అడ్డం పడుతుంది. 310 తీసుకున్నాడు. ఎక్కువే, కానీ క్లిప్పు స్ప్రింగు బాగుంది.

కొట్లోనే పేరు కొట్టించాను. మన పెళ్లి సామాన్ల మీద కొట్టించినట్టే, చిన్న మిషను పెట్టుకుని కూర్చున్నాయన చుక్కలు చుక్కలుగా చెక్కేస్తాడు. "ఇనీషియల్ ఏం వేయమంటారు?" అని అడిగాడు. అక్కడ ఆగిపోయాను. మన లెక్కలో ముందుండేది ఇంటిపేరు. ఇక్కడ స్కూలు రికార్డుల్లో ముందుండేది తండ్రి పేరు మొదటి అక్షరం. తమ్ముడికి ఫోన్ చేస్తే "స్కూల్లో ఏదుందో అదే వేయించక్కా, డబ్బా పోతే వెతికేది మన ఊళ్లో కాదు కదా" అన్నాడు. వేయించేశాను. మా అమ్మకి చెప్పలేదు.

నీళ్ల సీసాకి పెద్దగా ఆలోచించకండి. స్ట్రా ఉన్నవి వద్దు. ఆ స్ట్రా లోపల నాచు పడితే మీకు కనిపించదు, వాసన వస్తేనే తెలుస్తుంది. రెండు పొరల ఫ్లాస్కు రకం చల్లగా ఉంచుతుంది కానీ బరువు. ఒంటి పొర స్టీలు సీసా, మెడ సన్నగా, మూత పొట్టిగా ఉండేది తీసుకోండి. మూత ఒక్క తిప్పుకి ఊడాలి, మూసి తలకిందులు చేస్తే కారకూడదు. షాపులోనే నీళ్లు పోసి చూడండి, వాళ్లు ఏమీ అనుకోరు.

పెన్సిలు బాక్సుల దగ్గర నాకు కోపం వచ్చింది. బటన్ నొక్కితే లైటు, ఇంకో బటన్ నొక్కితే పాట, మూడో బటన్ నొక్కితే షార్ప్‌నరు బయటికొస్తుంది. ఇవన్నీ రెండో రోజుకల్లా టీచరు టేబుల్ సొరుగులోకి పోతాయి, అది వేరే సంగతి. వెనక పక్క బ్యాటరీ మూత చూశాను. స్క్రూ లేదు, గోరుతో నెట్టితే తెరుచుకుంది. లోపల బిళ్ల బ్యాటరీలు. ఆ బిళ్ల మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపలి పొరని కాల్చేయగలదు. నాలుగేళ్ల పిల్లలున్న ఇంట్లోకి ఇలాంటిది తేనేకూడదు. లైట్లు వెలిగే పౌచులు, పాడే గ్రీటింగ్ కార్డులు కూడా అంతే. లడ్డూలాగా, ఐస్‌క్రీములాగా ఉండే వాసన రబ్బర్లు కూడా అక్కడ కుప్పలుగా ఉంటాయి. తినేలా చేసి, తినొద్దని చెప్పడం ఏం న్యాయం?

బొమ్మలు కూడా అదే వీధిలో అమ్ముతారు కనుక ఇదీ చెప్పాలి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునేవన్నీ దాని కిందికే వస్తాయి. పారీస్‌లో అడిగితే కొందరు గుర్తున్న డబ్బా లోపలి నుంచి తీసుకొస్తారు, కొందరు "అదంతా ఎందుకు మేడమ్" అంటారు. ఎందుకు అన్నవాళ్ల దగ్గర కొనకండి. అయితే ఏటికొప్పాక లక్కబొమ్మ మీద, కొండపల్లి బొమ్మ మీద ఈ గుర్తు లేదని కంగారుపడొద్దు. జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు, పొందిన బొమ్మలకీ, నమోదైన చేతివృత్తులవాళ్లు చేసే బొమ్మలకీ ఈ రూలు నుంచి మినహాయింపు ఉంది. నేను వాడికి అంకుడు కర్ర బొంగరం ఒకటి మా ఊరివాళ్ల చేత తెప్పించాను. స్కూలుకి కాదు, స్కూలు నుంచి వచ్చాక.

ఆండర్సన్ స్ట్రీట్ కాగితాల వీధి. పెళ్లి శుభలేఖలు, డైరీలు, నోటుపుస్తకాలు, రంగు కాగితాలు. మొత్తం రివ్యూలో అయిదుకి అయిదు ఇచ్చేది ఈ వీధికే. బేరం పెద్దగా ఉండదు, రేటు ముందే సరిగ్గా ఉంటుంది. రంగుల క్రేయాన్లలో లావుగా, మూడు పలకలుగా ఉండేవి అడిగి తీసుకున్నాను. గుండ్రటివి బల్ల మీంచి దొర్లిపోతాయి, సన్నవి నొక్కగానే విరిగిపోతాయి. పన్నెండు రంగులు చాలు. 48 రంగుల పెట్టె చూడ్డానికి గొప్పగా ఉంటుంది, దాన్ని మళ్లీ సర్ది మూత పెట్టే ఓపిక ఆ వయసుకి ఉండదు. పెన్సిళ్లు కూడా లావుపాటి మూడు పలకలవే. నటరాజ్, అప్సర రెండూ ఒకే కంపెనీవని ఎంతమందికి తెలుసో కానీ, హిందుస్థాన్ పెన్సిల్స్ అనే ఆ కంపెనీ 1958 నుంచి ఉంది. ఏది మేలని షాపులో వాదించుకుంటున్న ఒక మొగుడూ పెళ్లాన్ని చూసి నవ్వొచ్చింది.

పలక అడిగితే ప్లాస్టిక్ ఫ్రేము పలకలు, చెరిపితే పోయే తెల్లబోర్డులు చూపించారు. రాతి పలక ఉందా అంటే గుమాస్తా ఒక్క క్షణం ఆగి, మేడ మీదికి వెళ్లి, చెక్క ఫ్రేము రాతి పలక ఒకటి దుమ్ము తుడుచుకుంటూ తెచ్చాడు. నేను చదువుకున్న రోజుల్లో ఇంటింటా మార్కాపురం పలకలే. రాతి పలక కింద పడితే పగులుతుంది, అందుకే స్కూళ్లు వద్దంటాయి. కానీ బలపం రాతి మీద గరగరమని పట్టు ఇస్తుంది, చేతికి ఎంత బలం కావాలో అదే నేర్పుతుంది. తెల్లబోర్డు మీద మార్కర్ జారిపోతుంది. ఇంట్లో దిద్దడానికని తీసుకున్నాను. బలపాలు తినే అలవాటు మా తరంలో ఎవరికి లేదు గనక! మా తమ్ముడికైతే మరీ ఉండేది, వాళ్లావిడ ముందు ఆ సంగతి ఎత్తనివ్వడు.

పారీస్‌లో దొరకనిది ఒకటుంది, తెలుగు బొమ్మల పుస్తకం. అడిగితే పెద్దబాలశిక్ష తీసిచ్చారు. మంచిదే కానీ నాలుగేళ్లకి ఎక్కువ. ఇక్కడి పిల్లలకి 2006 తమిళ చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి సబ్జెక్టు. నేర్చుకోవాల్సిందే, ఉండే ఊరు భాష రాకపోతే ఎలా? ఇంగ్లీషు ఎటూ ఉంది. తెలుగు మాత్రం ఇంట్లో ఎవరైనా చెప్తేనే. చెన్నైలోనే ఉన్న తూలికా పబ్లిషర్స్ వాళ్లు పక్కపక్కనే ఇంగ్లీషు, తెలుగు ఉండే బొమ్మల పుస్తకాలు వేస్తారు. ప్రథమ్ బుక్స్ వాళ్లవి చవగ్గా ఉంటాయి, స్టోరీవీవర్ అనే వాళ్ల సైట్లో తెలుగు కథలు ఉచితంగా చదవొచ్చు. ఆర్డరు పెట్టి రెండు తెప్పించాను. "ఇంకా ఏబీసీడీలే రాలేదు, అప్పుడే తెలుగు ఎందుకక్కా, కన్ఫ్యూజ్ అవుతాడు" అన్నాడు తమ్ముడు. వాడికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, టీవీలో ఇంగ్లీషు పుట్టినప్పటి నుంచీ ఉన్నవే. వాడికి లేని కన్ఫ్యూజన్ తండ్రికి ఎందుకో నాకర్థం కాదు. పుస్తకంలో ఏనుగు బొమ్మ చూపించి మా అమ్మ చదువుతుంటే వాడు పేజీ తానే తిప్పుతున్నాడు. నా పరీక్షలో అది కూడా పాసైనట్టే.

కొనొద్దనేవి గబగబా చెప్పేస్తాను. రెయిన్‌కోటు జూన్‌లో వద్దు. మనకి వానలు ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పటికి పిల్లాడు పొడవు పెరుగుతాడు, చేతులు పొట్టి అవుతాయి. సెప్టెంబరులో కొనండి. చిన్న స్టడీ టేబుల్ వద్దు, ఫ్లాట్లో ఎవరికి తగలాలో వాళ్లకి తగులుతుంది. చేతి వాచీ వద్దు. మోకాళ్ల దాకా సాక్సులు వద్దు, వాటి ఎలాస్టిక్ బిగుతుకి చర్మం మీద గీత పడుతుంది. బూట్లు కానుకగా ఇవ్వాలనుకుంటే పిల్లాణ్ణి బ్రౌన్ పేపరు మీద నిలబెట్టి రెండు పాదాలూ గీసుకుని షాపుకి తీసుకెళ్లండి, పెద్ద పాదానికి కొనండి, ముందు అర బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉంచండి. లేసులు వద్దు, వెల్క్రో పట్టీ ఉన్నవే. ఒక్కసారి పీకితే ఊడాలి, ఒక్కసారి అదిమితే అతుక్కోవాలి.

నేను చేత్తో చేసిచ్చింది నాప్కిన్లు. మెత్తటి నూలు గుడ్డ, దారాలు ఊడకుండా అంచు ఓవర్‌లాక్ చేసి, ఒక మూలకి ఎలాస్టిక్ ఉంగరం కుట్టాను. చొక్కా మొదటి గుండీకి తగిలించేసుకోవచ్చు, పిన్నీసు పని లేదు. వారానికి సరిపడా కుట్టాను, ప్రతిదాని మీదా ఒక బొమ్మ ఎంబ్రాయిడరీ, పేరు కాదు. వాడికింకా చదవడం రాదు, వాళ్ల క్లాసులో ఎవరికీ రాదు. చేప ఉన్నది తనదని వాడికి తెలుసు. మా మరదలికి అన్నిట్లోకీ ఇవే నచ్చాయట. మిగతావాటికి పెట్టిన డబ్బులు తలుచుకుంటే కొంచెం ఉక్రోషంగానే ఉంది. వాడు మాత్రం బ్యాగు చేతికివ్వగానే ఎర్ర రిబ్బను పట్టుకుని సర్రున తెరిచి, టీవీ రిమోటు లోపల వేసి, పసుపుది పట్టుకుని మూసేశాడు. సాయంత్రం దాకా ఎవరికీ ఇవ్వలేదు.

వెళ్లేవాళ్లకి చివరి జాగ్రత్తలు. చిల్లర దగ్గర పెట్టుకోండి. యూపీఐ అందరి దగ్గరా ఉంది కానీ ఆ ఇరుకు సందుల్లో సిగ్నల్ ఉండదు. ఒక్క పీసు అయితే ఇవ్వం అనే కొట్లు ఉంటాయి, హోల్‌సేల్ మాత్రమే అంటారు. పక్కింటి పిల్లలవీ కలిపి రెండు మూడు తీసుకుంటే ఒప్పుకుంటారు. బిల్లు అడిగి తీసుకోండి, దాని వెనక "సరుకు వాపసు లేదు" అని అచ్చేసి ఉంటుంది. కాబట్టి జిప్పు లాగడం, మూత తీయడం, పట్టీ గుంజడం అన్నీ గల్లాపెట్టె దగ్గరికి పోకముందే చేసేయండి. గిఫ్ట్ పేపరు మాత్రం ఆండర్సన్ స్ట్రీట్‌లో షీట్ల లెక్కన తీసుకోండి, బయట ఒక్క షీటుకి అడిగే డబ్బుకి ఇక్కడ ఆరేడు వస్తాయి.